మాటల్లేని ఓజో కోసం చూడరా

ఒరేయ్,

ఈసారి ఉత్తరమంతా ఒక్క సినిమా గురించే, సర్దుకో. 1952లో వచ్చిన 'ది క్రిమ్సన్ పైరేట్'. దర్శకుడు రాబర్ట్ సియోడ్‌మాక్, హీరో బర్ట్ లాంకాస్టర్. ఓడదొంగలు, తిరుగుబాటుదారులు, బోలెడు నవ్వు. ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో లెక్క తప్పినా కంగారుపడకు, కథ అక్కడ సాకు మాత్రమే.

అసలు అందమంతా ఒళ్లు వంచడంలో ఉంది. లాంకాస్టర్, అతని పక్కనుండే పొట్టి నిక్ క్రావట్ 1930ల్లో సర్కస్‌లో అడ్డకమ్మీ మీద జోడీగా ఫీట్లు చేసినవాళ్లు. ఆ నమ్మకం తెర మీద తెలిసిపోతుంది. ఒకడు ఎగిరాక రెండోవాడు చూసుకుంటే పని జరగదు. పట్టుకునేవాడు ముందే కాళ్లు బిగించి నిలబడాలి. ఊళ్లో సైనికులు తరిమే ఘట్టం రెండుసార్లు చూడు: ఒకసారి లాంకాస్టర్ని, ఇంకోసారి క్రావట్‌ని. తల నుంచి పాదం దాకా మనిషి కనబడుతుంటేనే ఆ గెంతుకి విలువ. దెబ్బకో కట్ పడితే గెంతింది మనిషో, ఎడిటరో తెలీదు.

క్రావట్ వేసిన ఓజో మూగవాడు. అతని బ్రూక్లిన్ యాస ఆ కాలపు కథకి పొసగదని మాటలే తీసేశారు. దాంతో కళ్లు, చేతులు రెట్టింపు పని చేశాయి. నాకైతే హీరో కంటే ఇతనే ఇష్టం.

తాడు పట్టుకుని ఊగడం తేలికనుకోకు. తాడు నిలువుకి 60 డిగ్రీల వాలులో ఉండగా వదిలితే, అడుగుకి వచ్చేసరికి చేతుల మీద పడేది ఒంటి బరువుకి రెట్టింపు. పైగా బయల్దేరిన ఎత్తుకి మించి అవతల లేవలేం, దిగే చోటు కాస్త కిందే ఉండాలి.

పడవ బోర్లించి, అందులో చిక్కిన గాలి పీలుస్తూ సముద్రం అడుగున నడిచే సీను మాత్రం శుద్ధ అబద్ధం. అర ఘనమీటరు గాలి ఉందనుకో, దాన్ని కిందికి అణచడానికి దాదాపు 500 కిలోల బరువు కావాలి. లేకపోతే పడవ బెండులా పైకి తేలిపోతుంది. అయినా ఎంత దర్జాగా నడుస్తారనుకున్నావు! మొదట్లోనే హీరో మనవైపు తిరిగి, చూసినదాంట్లో సగమే నమ్మమని చెప్పేస్తాడు కదా, ఇక పేచీ లేదు.

ప్రేమ సన్నివేశాలు చప్పగా ఉంటాయి, ఓర్చుకో. చివర్లో బెలూనూ, నైట్రోగ్లిజరిన్ అనే పేలుడు మందూ కూడా వస్తాయి. 1783 నాటి బెలూన్ సరే, నైట్రోగ్లిజరిన్ తయారైంది 1847లో. కథేమో 18వ శతాబ్దంలో జరుగుతుంది. ఆ తొందర కూడా ముద్దొస్తుంది.

చూడగానే రాయి. ముందు ఓజో గురించి రాయి, మిగతాది తర్వాత.

నీ నేస్తం