బీడీల కార్డులో మా అమ్మ పేరు

సంపాదకుడి గారికి నమస్కారం.

బీడీ కార్మికుల పింఛన్ల గురించి పత్రికల్లో వార్తలు వస్తూనే ఉంటాయి, ఎంత పెంచుతారు, ఎప్పుడు పెంచుతారు అని. నేను రాసేది అంతకంటే చిన్న విషయం, బీడీ కార్మికుల కార్డులో పేరు, పుట్టిన తేదీ తప్పు పడడం గురించి. ఆ తప్పు వల్లే మా అమ్మ ఏడాది నుంచి ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. మా దిక్కు ఏ ఇంట్లో చూసినా బీడీల చాట ఉంటుంది. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లు బీడీలు చేయడం వస్తుందా, కార్డు ఉందా అని అడిగిన రోజులు మాకు తెలుసు. మా బాపు 2001లో నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి మస్కట్ పోయాడు. ఏజెంటు చెప్పిన పని అక్కడ లేదు. ఏడాదిన్నరకు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు, 2006లో కిడ్నీలు పాడై చనిపోయాడు. నాకప్పుడు 12 ఏళ్లు, తమ్ముడికి 8. పెద్దకర్మ అయిన మూడో రోజు అమ్మ మళ్లీ చాట ముందేసుకుని కూర్చుంది, ఎందుకంటే అప్పులోళ్లు అప్పటికే వచ్చిపోయారు.

బీడీల పని కూర్చుని చేసేదే కదా అనుకునేవాళ్లకు ఆ పని ఏంటో చెప్పాలి. రాత్రి తునికాకు తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టాలి, తెల్లారి నాలుగింటికి లేచి రేకు కొలత పెట్టి ఒక్కో ఆకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. 25 బీడీలు ఒక కట్ట, అట్లాంటివి 40 కట్టలైతే వెయ్యి. మధ్యలో వంట, నీళ్లు, మా బట్టలు అన్నీ చూసుకుంటూ అమ్మ రోజుకు వెయ్యి చేసేది. తీసుకుపోయి కార్ఖానాలో ఇస్తే చాటన్, అంటే బీడీలు సరిచూసే మనిషి, కట్టలు విప్పి చూసి బాగా లేవన్నవి పక్కకు తీసేస్తాడు, వాటికి కూలి లేదు. ఇచ్చిన ఆకులో సగం చినిగిపోయి, పుచ్చిపోయి ఉంటే లెక్క సరిపెట్టడానికి బయట తన డబ్బులతో ఆకు కొనేది. పోనీ నెలంతా పని ఉంటుందా అంటే అదీ లేదు, కొన్ని నెలలు పది, పన్నెండు రోజులే. 2016లో ప్యాకెట్ మీద హెచ్చరిక బొమ్మ 85 శాతం ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడు కంపెనీలు కొన్నాళ్లు పనే ఆపేశాయి. అమ్మ పసుపు తవ్వడానికి కూలికి పోయింది, ఎండలో ఆ పని తనకు అలవాటు లేదు, అయినా ఒక్కరోజు మానలేదు.

అమ్మకు చదువు రాదు. పదో తరగతిలో నేను సోషల్ పాఠాలు గట్టిగా చదువుతుంటే వింటూ బీడీలు చుట్టేది, చేతుల వైపు చూసేదే కాదు. మర్నాడు నేను పుస్తకం మూసి అప్పజెప్తుంటే మధ్యలో ఆపి "నిన్న వేరే చెప్పినవ్ బిడ్డా, మళ్లొకసారి చూడు" అనేది. చూస్తే తను అన్నదే కరెక్టు. ఇంటర్లో, నర్సింగులో నా పుస్తకాలకు బీడీ కార్మికుల పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్ ఆదుకుంది. అదీ అమ్మ కార్డు మీద వచ్చిందే. ఈరోజు హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నానంటే ఆ కట్టలు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు నాకు గుర్తు.

అయితే ఆ కార్డు అమ్మ పేరు మీద వచ్చింది 2004లో. అంతకు ముందు 16 ఏళ్లు మా నాయనమ్మ కార్డు మీదే చేసింది. మా దగ్గర చాలామంది కోడళ్లు ఇట్లాగే చేశారు. చేయి ఒకరిది, పేరు ఇంకొకరిది. ఆ 16 ఏళ్లు ఏ రిజిస్టర్లోనూ లేవు. మిగిలిన సర్వీసైనా దక్కుతుందనుకుంటే, కార్డు రాసిన గుమాస్తా అమ్మ పేరు చివర "అవ్వ" అని రాశాడు, ఆధార్‌లో "బాయి" ఉంది. కార్డులో వయసు ఐదేళ్లు తక్కువ వేశాడు. ఆధార్ ప్రకారం 58 నిండాయి, పీఎఫ్ రికార్డు ప్రకారం ఇంకా 53. 58 నిండితే గానీ పూర్తి పింఛను రాదు. వచ్చేదైనా ఎంత, పీఎఫ్ కనీస పింఛను 2014లో నెలకు 1,000 అని పెట్టారు, పదేళ్లు దాటినా అంతే. దానికే ఇన్ని తిప్పలు.

సరిచేయాలంటే జాయింట్ డిక్లరేషన్ కావాలి, అంటే తప్పు దిద్దమని కార్మికులు, కంపెనీ కలిసి ఇచ్చే కాగితం, దాని మీద కంపెనీ సంతకం ఉండాలి. కంపెనీ వాళ్లు వచ్చే వారం రమ్మంటారు, పోతే సంతకం పెట్టే మనిషి లేడంటారు. ఎంతో కొంత చదువుకున్న నేనే సెలవులు పెట్టి తిరిగి విసిగిపోయాను, ఎవరూ తోడు లేని ముసలివాళ్లు ఏం చేస్తారు? మా వాడకట్టులోనే ఇట్లా వదిలేసుకున్నవాళ్లు ఐదుగురున్నారు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బీడీ పింఛనుకూ పీఎఫే ఆధారం, మొదట్లో 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉండాలనే షరతు కూడా పెట్టారు. అంటే కార్డులో ఒక్క తప్పు రెండు దిక్కులా దెబ్బ కొడుతుంది.

పీఎఫ్ సంస్థ ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ సమస్యలు వినడానికి "నిధి ఆప్కే నికట్" శిబిరం పెడుతోంది. బీడీలు ఎక్కువగా చేసే మండలాలకు దాన్ని తీసుకురావాలని అడుగుతున్నాను. అక్కడికి కంపెనీ తరఫున సంతకం అధికారం ఉన్న మనిషి వచ్చి కూర్చోవాలి, ఆధార్ మిషన్ కూడా అక్కడే ఉండాలి, ఒక్కరోజులో పని అయిపోతుంది. అత్త కార్డు మీద, తల్లి కార్డు మీద చేసినవాళ్ల సర్వీసు సంగతి కూడా కార్మిక శాఖ, యూనియన్లు కూర్చుని ఏదో ఒకటి తేల్చాలి.

ఆధార్ మిషన్ అని ఎందుకన్నానంటే, పోయిన నెల ఆధార్ సెంటర్లో అమ్మ వేలిముద్ర పడలేదు. పదివేళ్లూ మార్చి మార్చి పెట్టించారు, తుడిచి పెట్టించారు. ఆకు రాకి రాకి వేళ్ల మీద గీతలు పోయాయి. ఆ పిల్లవాడు "కంటి స్కాన్ చేస్తాం, మళ్లీ రండి" అన్నాడు. బయటికొచ్చాక అమ్మ తన చేతులు తిప్పి చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. 27న మళ్లీ సెలవు పెట్టాను, అమ్మను తీసుకుని వెళ్తున్నాను.

- ఒక బీడీ కార్మికురాలి కూతురు,
నిజామాబాద్ జిల్లా