బస్తా బరువు తగ్గించాలి

ధాన్యం ప్రైవేటు కొనుగోళ్లలో చాలాచోట్ల ఇప్పటికీ 75 కిలోల బస్తాలనే హమాలీల చేత మోయిస్తున్నారు. ఒక్క మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. నడుము దెబ్బతినేది ఎక్కువగా నడకలో కాదు. నేల మీది బస్తాను వంగి లేపేటప్పుడు, భుజాన బరువుండగానే పాదాలు కదపకుండా నడుం తిప్పి లారీలో వేసేటప్పుడు. ఆ మెలికలోనే వెన్నుపూసల మధ్య డిస్క్ జారే ప్రమాదం ఉంది. లారీ ఎక్కేందుకు ఆనించిన చెక్క తడిసిందంటే కాలూ నిలవదు. నడుం బెల్టులు పంచి చేతులు దులుపుకుంటే సరిపోదు. బస్తా 50 కిలోలు దాటకుండా మార్కెటింగ్ శాఖ కట్టడి చేయాలి. బస్తా చిన్నదైందని కూలి కోయకుండా టన్ను లెక్కన ఇప్పించాలి. గోదాముల వద్ద లారీలో బస్తాలు పేర్చే తలం ఎత్తుకు అరుగులు కట్టి, రెండు చక్రాల తోపుడు బండ్లు సమకూర్చాలి.