పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన బ్రౌజర్ హైజాకర్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ ఉచిత పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు మా అనుమతి లేకుండా కంప్యూటర్లలోకి చేరి, బ్రౌజర్ సెట్టింగులు మార్చేసి ప్రకటనలు చూపించే సాఫ్ట్‌వేర్ (యాడ్‌వేర్) గురించి.

నమస్కారం. నరసరావుపేటలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. నా మొదటి మెయిల్‌కి మీ వాళ్లు ఇచ్చిన జవాబు ఒకటే: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు షరతులకు మీరే ఒప్పుకున్నారు అని. ఆ జవాబును నేను ఒప్పుకోను కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా దరఖాస్తులు పెట్టుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. స్కాన్ చేసిన సర్టిఫికెట్ ఇన్ని కేబీలు దాటకూడదని ఒక్కో వెబ్‌సైట్ ఒక్కో లెక్క పెడుతుంది. ఆ సైజు తగ్గించడానికే మీ సాఫ్ట్‌వేర్ వేశాం. ఆ పని అది బాగానే చేస్తుంది, కాదనను.

మీ సెటప్‌ను ఇప్పుడు మళ్లీ తెరిచి, చూస్తూ రాస్తున్నాను. ‘ఎక్స్‌ప్రెస్ – రికమెండెడ్’ అని పెద్ద ఆకుపచ్చ బటన్. కింద ‘కస్టమ్’ అన్న మాట లేత బూడిద రంగులో, నొక్కినా పనిచేయదేమో అనిపించేలా ఉంది. అది నొక్కితేనే సెర్చ్ టూల్‌బార్, షాపింగ్ అసిస్టెంట్ అనే రెండు పేర్లు బయటపడతాయి. రెండింటికీ ముందే టిక్ ఉంది. టిక్ మీరు పెట్టి, ఒప్పుకున్నది మేమని ఎలా అంటారు?

హోమ్ పేజీ మారిపోయింది. ఏం వెతికినా మీ భాగస్వామి సెర్చ్ పేజీకే పోతోంది. ఆ టూల్‌బార్‌ను కంట్రోల్ ప్యానెల్‌లో తీసేస్తే మర్నాటికి మళ్లీ ప్రత్యక్షం. పనులను వాటంతట అవే నడిపించే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో అర్థంలేని అక్షరాల పేరుతో ఉన్న ఒక టాస్క్, కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా దాన్ని తిరిగి దించుతోంది. అదీ తీసేశాక డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్ చూశాను. టార్గెట్ గడిలో, క్రోమ్ ఫైలు పేరు అయిపోయిన తర్వాత ఒక ఖాళీ వదిలి, ఆ సెర్చ్ పేజీ అడ్రస్ తగిలించి ఉంది. క్రోమ్‌లో అది తగిలించిన ఎక్స్‌టెన్షన్ తీసేద్దామంటే రిమూవ్ బటనే పనిచేయదు. మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని వస్తోంది. పెద్ద ఆఫీసులు తమ సిస్టమ్‌లను అదుపులో పెట్టుకోవడానికి వాడే క్రోమ్ పాలసీలను మీ సెటప్ మా రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) రాసేసింది. నిజంగా పనికొచ్చే వస్తువైతే ఇన్ని చోట్ల దాక్కోవాల్సిన అవసరం ఏముంది?

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కోసం ఒక అమ్మాయి, వాళ్ల నాన్న వచ్చారు. వెతికితే పైన వచ్చినవన్నీ ప్రకటనలే. అసలు వెబ్‌సైట్ ఎక్కడో కిందికి పోయింది. ప్రకటనల్లో ఒకటి అచ్చం కౌన్సెలింగ్ పేజీలాగే ఉండి ఫీజు కట్టమని క్యూఆర్ కోడ్ చూపించింది. ఆయన ఫోన్ తీసి స్కాన్ చేయబోతుంటే ఆపాను. నేను పక్కన లేకపోతే ఆ డబ్బు పోయేది. కూలి పని చేసుకునే మనిషి ఆయన.

అనుమతి అడగకుండా యాడ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం చిన్న విషయం కాదు. లెనోవో 2014లో కొన్ని ల్యాప్‌టాప్‌లలో ‘సూపర్‌ఫిష్’ యాడ్‌వేర్ ముందే వేసి అమ్మినందుకు, 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ పడాల్సి వచ్చింది. ఇకపై అలాంటివి వేయాలంటే వాడేవాళ్ల స్పష్టమైన అనుమతి తీసుకోవాలన్నది అందులో షరతు. మన దేశంలోనూ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్‌పై, అంటే వాడేవాళ్లను మభ్యపెట్టే తెరల డిజైన్లపై, మార్గదర్శకాలు వచ్చాయి. ఒక బటన్‌ను ఎత్తి చూపి, ఇంకోదాన్ని మరుగుపరిచి మనిషిని దారి తప్పించడం వాటి ప్రకారం తప్పే.

మా కంప్యూటర్లలో రోజువారీ వాడకానికి ఇప్పుడు అడ్మిన్ హక్కులు లేని అకౌంట్ పెట్టాను. విండోస్ సెక్యూరిటీలో అక్కర్లేని యాప్‌లను అడ్డుకునే ‘పొటెన్షియలీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ ఆన్ చేశాను. మా జాగ్రత్త మేం పడుతున్నాం. మీరు చేయాల్సింది మీరు చేయండి.

ముందే పెట్టిన ఆ టిక్‌లు తీసేయండి. షెడ్యూలర్, షార్ట్‌కట్, రిజిస్ట్రీలతో సహా అంతా శుభ్రం చేసే అన్‌ఇన్‌స్టాలర్ పంపండి. మా సెంటర్‌లో జనం వెతికిన వివరాలు ఏ కంపెనీకి వెళ్లాయో రాతపూర్వకంగా చెప్పి, వాటిని చెరిపించండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే స్క్రీన్‌షాట్లన్నీ జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
నెట్ సెంటర్ నిర్వాహకుడు,
నరసరావుపేట

జత: సెటప్ తెరలు, టాస్క్ షెడ్యూలర్, షార్ట్‌కట్ ప్రాపర్టీస్ స్క్రీన్‌షాట్లు