జవాబు నుంచి ప్రశ్నకు: విక్టర్ అంబర్ట్సుమియాన్ లెక్కలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల మన సైన్సు గోడపత్రిక అంతా ఒక ఆర్మీనియా ఖగోళ శాస్త్రవేత్త గురించే. పేరు విక్టర్ అంబర్ట్సుమియాన్. పరీక్షల కోసం మనం పిల్లలకు ఒక దిశలోనే నడవడం నేర్పుతున్నాం: ప్రశ్న ఇస్తాం, జవాబు రాబట్టమంటాం. ఆయన జీవితమంతా ఎదురు దిశలో నడిచారు. జవాబు చేతిలో ఉంది, అది ఏ ప్రశ్నకు జవాబు? ఈ ఆలోచన పిల్లలకు చిన్నప్పుడే పరిచయం కావాలని మా కోరిక. అందుకే ఈసారి ఉత్తరం కాస్త పొడుగైంది.

ఆయన 1908 సెప్టెంబరు 18న తిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి జార్జియా రాజధాని ట్బిలిసిలో, ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టారు. తండ్రి భాషా పండితుడు, హోమర్ ఇలియడ్‌ను ఆర్మీనియన్‌లోకి తెచ్చినవారు. విక్టర్ 1924లో లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) వెళ్ళి, 1928లో విశ్వవిద్యాలయం చదువు పూర్తిచేసి, ఆ ఊరి దగ్గరున్న పుల్కోవో వేధశాలలో ఖగోళ శాస్త్రవేత్త బెలోపోల్‌స్కీ దగ్గర పరిశోధనలో చేరారు.

మరుసటి ఏడాదే, ఇరవై ఒకటో ఏట, ఒక జర్మన్ భౌతిక శాస్త్ర పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. వీణ తీగ పొడవు, మందం, బిగువు తెలిస్తే అది ఏయే పౌనఃపున్యాలతో, అంటే సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తూ, మోగుతుందో లెక్కగట్టవచ్చు. ఆయన దీన్ని తిరగేశారు: పౌనఃపున్యాలు మాత్రమే తెలిస్తే తీగ ఎలాంటిదో చెప్పగలమా? పొడవునా ఒకే తీరుగా ఉండి, రెండు కొనలూ స్వేచ్ఛగా కదిలే తీగ విషయంలో చెప్పగలమని నిరూపించారు. ఆ వరస పౌనఃపున్యాలు అలాంటి తీగకు తప్ప మరొకదానికి రావు. అయితే ఇది ప్రత్యేక సందర్భం. మామూలుగా ఒక వరస చాలదు, కొన కట్టు మార్చి మోగించిన రెండో వరస కూడా కావాలని 1946లో స్వీడన్ గణితజ్ఞుడు బోర్గ్ చూపించారు. అప్పటిదాకా సుమారు పదిహేనేళ్ళు ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు దాదాపు లేరు.

1936లో చేసిన రెండో తిరగేసిన లెక్క మీ అందరికీ పరోక్షంగా తెలుసు. నక్షత్రం మనవైపు వస్తోందా, దూరమవుతోందా, ఎంత వేగంతో అన్నది దాని వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో) గీతలు జరిగిన తీరును బట్టి తెలుస్తుంది. అడ్డంగా కదిలే వేగం అలా దొరకదు. దానికి నక్షత్రం దూరమూ, ఏళ్ళ తరబడి తీసిన ఫొటోలూ కావాలి. మరి ఆకాశంలో అన్ని దిక్కుల నుంచీ సేకరించిన మొదటి రకం వేగాలతోనే నక్షత్రాల పూర్తి వేగాల పంపకాన్ని, అంటే ఏ వేగంతో ఎన్ని కదులుతున్నాయో, రాబట్టగలమా? బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ లేవనెత్తిన ఈ ప్రశ్నకు అంబర్ట్సుమియాన్ పరిష్కారం చూపి, నిజమైన అంకెలతో చేసి పెట్టారు. ఒంటి చుట్టూ అన్ని కోణాల నుంచి తీసిన ఎక్స్‌రే నీడలతో లోపలి బొమ్మ కట్టే సి.టి. స్కాన్‌లో ఉన్నదీ ఈ గణితమే. స్కాన్ గణితానికి 1979లో నోబెల్ అందుకున్న కార్మాక్ తర్వాత ఈ సంగతి గుర్తుచేశారు.

ఆ ఏళ్ళు మంచివి కావు, సోవియట్ యూనియన్‌లో స్టాలిన్ అణచివేత సాగుతున్న రోజులవి. 1936, 37లలో పుల్కోవో శాస్త్రవేత్తలు ఎందరో అరెస్టయ్యారు. వేధశాల సంచాలకుడు గెరసిమోవిచ్‌ను కాల్చి చంపారు. అంబర్ట్సుమియాన్‌తో కలిసి వ్యాసం రాసిన కొజిరెవ్ ఏళ్ళ తరబడి నిర్బంధంలో గడిపారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయంలో కొంత భాగాన్ని కామా నది ఒడ్డున ఉన్న ఎలబూగకు తరలించారు. మా దృష్టిలో ఆయన ఆలోచనల్లో అందమైనది అక్కడే రూపుకట్టింది. దట్టమైన పొగమంచు మీద కాంతి పడితే ఎంత వెనక్కి వస్తుంది? ప్రతి కిరణం లోపల ఎన్నిసార్లు చెదిరిందో వెంబడించబోతే లెక్క తెమలదు. ఆయన ఇలా ఆలోచించారు: మంచు అంతులేనంత మందంగా ఉందనుకుందాం. పైన ఇంకో పలుచని పొర వేస్తే వెనక్కి వచ్చే కాంతి మారదు, ఎందుకంటే అంతులేనిది అంతులేనిదే. కాబట్టి ఆ పొర తెచ్చిన మార్పులన్నీ కలిపితే సున్నా కావాలి. వచ్చేపోయే కాంతిని పొర కొంత తగ్గిస్తుంది, అది నష్టం. లాభాలు నాలుగు: పొరలోనే చెదిరి నేరుగా పైకి వచ్చేది, పొరలో చెదిరి కిందికెళ్ళి తిరిగొచ్చేది, కింద నుంచి తిరిగొస్తూ పొరలో చెదిరి పైకి పోయేది, తిరిగొస్తూ పొరలో చెదిరి మళ్ళీ కిందికెళ్ళి మళ్ళీ వచ్చేది. నష్టం, లాభాలు సమానమని రాస్తే సమీకరణం సిద్ధం. లోపల ఏం జరుగుతోందో తెలియనక్కర్లేకుండానే జవాబు వస్తుంది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఈ సూత్రాన్ని ఎంతో దూరం తీసుకెళ్ళారు.

1946లో ఆర్మీనియాలో అరగాట్స్ పర్వతం వాలున బ్యురాకాన్ వేధశాల మొదలైంది. మరుసటి ఏడాది ఆయన నక్షత్ర సమూహాల గురించి చెప్పారు. ప్రకాశవంతమైన నీలి నక్షత్రాల గుంపులు కొన్ని ఎంత పలుచగా ఉన్నాయంటే, పాలపుంత ఆకర్షణకు సుమారు కోటి ఏళ్ళలోనే చెల్లాచెదురు కావాలి. ఇంకా గుంపుగా ఉన్నాయంటే ఈమధ్యే పుట్టాయన్నమాట. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్ళు, కాబట్టి నక్షత్రాలు ఇప్పటికీ పుడుతున్నాయి. 1952లో నెదర్లాండ్స్‌కు చెందిన బ్లౌ, పర్సియస్ రాశిలోని ఒక గుంపు సెకనుకు సుమారు 12 కి.మీ. వేగంతో విస్తరిస్తోందని కొలిచి, వయసు 13 లక్షల ఏళ్ళని తేల్చారు. సెకనుకు 1 కి.మీ. అంటే పది లక్షల ఏళ్ళకు సుమారు 1 పార్‌సెక్ (ఖగోళ దూరాల కొలమానం, సుమారు 3.26 కాంతి సంవత్సరాలు). 12ను 1.3తో గుణిస్తే దాదాపు 16 పార్‌సెక్‌లు, అంటే సుమారు 50 కాంతి సంవత్సరాల దూరం. ఈ లెక్క పిల్లలతో చేయించండి.

ఇక్కడే ఆయన పొరబడింది కూడా పిల్లలకు చెబుతున్నాం. నక్షత్రాలు ఏదో అతిసాంద్ర పదార్థం పేలి పుడతాయని ఆయన నమ్మారు. వాయుమేఘాలు కుంచించుకుపోయి పుడతాయన్నదే నిలిచింది. గెలాక్సీల కేంద్రాల్లో భారీ కార్యకలాపం ఉందని 1958లో ఆయన చెప్పింది మాత్రం నిజమైంది, దాని వెనుక ఆయన ఊహించిన కారణం నిలవకపోయినా. తిరగేసిన లెక్కలో ఉండే ప్రమాదం ఇదే: ఒకే జవాబుకు రెండు ప్రశ్నలు సరిపోవచ్చు.

దాన్ని ఇంట్లోనే చూపించవచ్చు. నాలుగు గళ్ళు గీసి పై వరుసలో 2, 3, కింది వరుసలో 4, 5 రాసి దాచండి. పిల్లలకు మొత్తాలే చెప్పండి: వరుసలు 5, 9, నిలువులు 6, 8. కొందరు పైన 1, 4, కింద 5, 4 అని తెస్తారు. అదీ సరిపోతుంది, తప్పనకండి. ఇప్పుడు పై ఎడమ గడిని కింది కుడి గడితో కలిపితే 7 అని చెప్పండి, ఒకే జవాబు మిగులుతుంది. తర్వాత కావాలనే 7కు బదులు 8 చెప్పండి. 2.5, 2.5, 3.5, 5.5 వస్తాయి: ఒక్క కొలతలో 1 తప్పితే ప్రతి గడిలోనూ అర తప్పు. తొమ్మిది గళ్ళకైతే వరుసలు, నిలువుల నుంచి వచ్చే స్వతంత్ర సమీకరణాలు 5 మాత్రమే. చిన్న కర్ణాలతో సహా (మూల గడి ఒక్కటే ఉన్నదీ కర్ణమే) రెండు వైపుల కర్ణాల మొత్తాలూ ఇస్తే మూలలు నేరుగా తెలుస్తాయి, మిగతావి తీసివేతలతో వస్తాయి.

ఆరు, ఏడు తరగతులకు నాలుగు గళ్ళు చాలు. పదో తరగతి వాళ్ళు తొమ్మిది గళ్ళది చేసి, రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత పాఠం నోట్సులోనే రాయాలి. కొట్టివేతలు చెరపవద్దని చెప్పండి. ఏ మొత్తం దగ్గర రెండో జవాబు తొలగిపోయిందో గణితం టీచరు వాటిని బట్టే చూస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు