పట్టా మారిన సర్వర్

హనుమకొండ

దోస్త్,

ఏం రా, ఎట్లున్నవ్? కరీంనగర్ ఎండలు ఏమంటున్నయ్? మడికొండ ఆఫీసు సర్వర్‌లో ఫైళ్ల ఓనర్లు మొత్తం మారిపోయిన సంగతి అడిగావు కదా, బాగైంది. కథ మాత్రం వినాల్సిందే.

అక్కడ కొత్తగా చేరిన పిల్లగాడు స్లాష్ ఎస్‌ఆర్‌వీ ఫోల్డర్‌లో ఉండి, చుక్కతో మొదలయ్యే ఫైళ్లను వెబ్ సర్వర్ నడిపే అపాచీ యూజర్ పేరు మీద పెడదామని చోన్ మైనస్ ఆర్ కొట్టాడు. అది ఫైళ్ల ఓనర్‌ను లోపలి ఫోల్డర్లతో సహా మార్చే కమాండ్. చివర చుక్క, స్టార్. కమాండ్లు అందుకునే బ్యాష్ ప్రోగ్రామ్ పాతదైతే, ఆ గుర్తు కిందికి రెండు చుక్కలు, అంటే పై ఫోల్డర్ కూడా వస్తుంది. పైన ఉన్నది అన్ని ఫోల్డర్లకూ మూలమైన రూట్ ఫోల్డరే మరి! ఊరి భూములన్నీ ఒక్కడి పేరున పట్టా అయినట్టయింది. బ్యాష్ 5.2 నుంచి ఈ బెడద లేదులే.

ఇక అడ్మిన్ అధికారం ఇచ్చే సుడో మొరాయించింది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కొత్తవాళ్లను రానివ్వలేదు. అదృష్టం కొద్దీ రూట్ యూజర్, అంటే అన్ని అధికారాలున్న అడ్మిన్, లాగిన్ అయిన ఒక విండో తెరిచే ఉంది. "అది మూయకండి, రీబూట్ జోలికి పోకండి" అని ఫోన్‌లోనే అరిచాను. ఇంకొకాయన అన్నీ రూట్ యూజర్‌కే రాసేద్దాం అన్నాడు. అట్ల చేస్తే డేటాబేస్ నడిపే మై ఎస్‌క్యూఎల్ తన డేటాను తానే రాసుకోలేదు. ఇట్లాంటి సలహాలు ఇచ్చేటోళ్లకు ధైర్యం ఎక్కడిదో!

అది రాకీ లినక్స్ కాబట్టి బతికిపోయాం. ఏ ఫైల్ ఎవరిదో, ఏ గ్రూపుదో, పర్మిషన్ ఏమిటో, ప్యాకేజీలు పెట్టే ఆర్‌పీఎం టూల్ తన డేటాబేస్‌లో రాసుకుంటుంది. అందులో ముందు ఓనర్లను సరిచేసే సెట్‌యూజీఐడీస్ మైనస్ ఏ, తర్వాత పర్మిషన్లు సరిచేసే సెట్‌పెర్మ్స్ మైనస్ ఏ. ఈ వరుస తప్పొద్దు. ఓనర్ మారినప్పుడల్లా లినక్స్ సెట్‌యూఐడీ బిట్ తీసేస్తుంది, అంటే ప్రోగ్రామ్‌ను దాని ఓనర్ అధికారంతో నడిపే గుర్తు. రెండోది నడిపితేనే సుడోకు ఆ బిట్ తిరిగొస్తుంది. కొత్త ఆర్‌పీఎంలో రీస్టోర్ అనే ఒక్క ఆప్షన్ రెండు పనులూ చేస్తుంది. ఆఖర్న ఆర్‌పీఎం మైనస్ వీఏ కొట్టి, ఓనర్, గ్రూపు, పర్మిషన్ తేడాలు చూపే యూ, జీ, ఎం అక్షరాలు ఎక్కడ మిగిలాయో చూసుకున్నాం.

అసలు తలనొప్పి ప్యాకేజీల్లో లేని ఫైళ్లది. హోం ఫోల్డర్లు పేరును బట్టి తేలిపోయాయి. జనం అప్‌లోడ్ చేసినవి, టైముకు పనులు నడిపే క్రాన్ ఫైళ్లు, డేటాబేస్ లోపలివి ఎవరి లెక్కలోనూ లేవు. పాత టార్ బ్యాకప్‌ను మైనస్ టీవీ పెట్టి తెరిస్తే అందులో ఓనర్ల పేర్లు కనిపించాయి. వాటిని చూస్తూ ఒక్కొక్కటి సరిచేసేసరికి చీకటి పడింది.

మీది ఉబుంటు కదా, అక్కడి ప్యాకేజీ టూల్ డీపీకేజీలో ఇట్లాంటి ఆప్షన్ లేదు. అదే వెర్షన్ ఉన్న ఇంకో మిషన్‌ను చూసి సరిచేయాలి. అది కూడా పేర్లతో, నంబర్లతో కాదు. ఫైల్ వివరాలు దాచే ఐనోడ్‌లో ఉండేది ఓనర్ నంబరే, సర్వీస్ యూజర్ల నంబర్లు రెండు మిషన్లలో ఒకటే ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకే ఇప్పుడే క్రాన్‌లో, ఓనర్లూ పర్మిషన్లూ రాసిచ్చే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ మైనస్ ఆర్ పెట్టి, దాని ఔట్‌పుట్‌ను రోజూ వేరే మిషన్‌కు పంపు. అవసరం పడితే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ రీస్టోర్‌తో ఓనరూ గ్రూపూ వెనక్కొస్తాయి. ముందు ఒక టెస్ట్ ఫోల్డర్ మీద నడిపి చూడు, ఏమైందో రాయి.

అమ్మ నిన్ను అడిగింది. ఆదివారం వస్తే భద్రకాళి గుడికి పోదాం.

నీ దోస్త్