ఆపరేషన్ అయినంక ఆ గంట సంగతి

హన్మకొండ,
ఆదివారం

అరేయ్ రాజూ,

మంచిగున్నవా? బాపు హెర్నియా అప్పుడు "ఆపరేషన్ అయిపోయిందన్నరు, గంటయినా మనిషిని చూపియ్యరు" అని మస్తు గులిగినవ్. ఇప్పుడు అమ్మ గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్‌కు వస్తున్నరు గద, మళ్ల గులగకముందే రాస్తున్న.

కోసుడు, కుట్లేసుడు అయినంక నా డ్యూటీ రికవరీ రూముల, అంటే మత్తు దిగేదాక పండవెట్టే రూముల, మొదలైతది. పేషెంట్లను పేరు పెట్టి పిలిస్తే ఊకొడ్తరు, రెండు నిమిషాలకే మళ్ల నిద్రల జారుతరు. అప్పుడే నాలుక ఎన్కకు పడి గాలికి అడ్డమొస్తది. గురక లెక్క చప్పుడొస్తే దవడను ముందుకు ఎత్తి పట్టుకుంటం. ఛాతీ ఎగుస్తాంటది గానీ చప్పుడే లేదంటే ఇంకా భయం, లోపలికి గాలే పోతలేదన్నట్టు.

రక్తంల ఆక్సిజన్ ఎంతుందో చూపే, వేలికి పెట్టే క్లిప్పు కరోనాల నువ్వూ కొన్నవ్ గద. జపాన్ ఇంజినీరు టకువో అవోయాగి దాని సూత్రాన్ని 1974ల బయటపెట్టిండు. మంచి సామానే, కాకపోతే ఆక్సిజన్ మాస్కు ఉన్నప్పుడు దాన్నొక్కదాన్నే నమ్మరాదు. శ్వాస నిమిషానికి 8కి పడ్డా అండ్ల 98 కనవడొచ్చు. లోపలేమో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటాంటది, మనిషి ఇంకింత మత్తుల మునుగుతడు. అందుకే గడియారం చూసుకుంట శ్వాసలు లెక్కవెడ్తం. నన్నడిగితే మిషిన్ కంటే ఆ లెక్కే పెద్దది.

వార్డుకు పంపేటందుకు ఆల్డ్రెటే అనే డాక్టర్ 1970ల పెట్టిన మార్కులున్నయ్: కాళ్లుచేతుల కదలిక, శ్వాస, బీపీ, తెలివి, ఒంటి రంగు. ఇప్పుడు రంగు బదులు ఆక్సిజన్ చూస్తరు. ఒక్కోదానికి 2 దాక, పదికి 9 వస్తె మామూలుగ వార్డుకు తోలుతం. బాపు పరీక్షల గూడ అన్ని మార్కులు తెచ్చుకోలే!

అమ్మ గజగజ వణికితే పరేషాన్ గాకు, వెచ్చగ కప్పితే తగ్గుతది. ఆపరేషన్ల కడుపుల నింపిన గ్యాస్ వల్ల కుడి భుజం గుంజుతదనొచ్చు, అదీ మామూలే. నీళ్లు మాత్రం సిస్టర్ చెప్పిందాక చుక్క తాపకు. మత్తుల వాంతి వస్తే ఊపిరితిత్తులల్లకు పోతది. పెద్దమ్మ కొబ్బరిబోండం పట్టుకొని తయారుంటది, ఆమెను నువ్వే ఆపాలె.

ఇంకోటి. అమ్మ గురక మీ ఇంట్ల పండినప్పుడు విన్న, పక్కర్రల దాక వస్తది. నడుమ శ్వాస ఆగినట్టయితదా? మత్తు డాక్టర్‌కు ముందే చెప్పుండ్రి, అసొంటోళ్లను ఎక్కువసేపు చూసుకోవాలె. గోళ్లకు రంగుంటే తీసెయ్యుమను, క్లిప్పు సరిగ చదవది. బీపీ గోళీల చిట్టి మర్చిపోకు.

బస్సు నయీంనగర్ దాటంగనే ఫోన్ కొట్టు, స్టాండుకు నేనొస్త.

నీ,
శీను