ఏడాదిలో అరచేయంత అవుతుందన్న సాలీడు గురించి ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మెక్సికన్ రెడ్ నీ టరాంటులా పిల్ల పెరుగుదలపై తప్పుడు హామీ, ‘గ్రోత్ కిట్’ అమ్మకం, ‘ఆడ’ అన్న గ్యారంటీ గురించి.

అయ్యా,

నిరుడు సంక్రాంతికి ముందు మీ సైట్‌లో ఒక టరాంటులా పిల్లను కొన్నాను. బిల్లు, మీ పేజీ స్క్రీన్‌షాట్లు, మీ కస్టమర్ కేర్ వాళ్లతో నడిచిన చాట్ మొత్తం దీనికి జతచేశాను. ఒక సంగతి ముందే చెప్పాలి. సాలీడు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అది తింటోంది, కుబుసం విడుస్తోంది, దాని జాతి ఎలా పెరగాలో అలాగే పెరుగుతోంది. మీరు దాని గురించి ఏం రాశారు, ఆ రాత చూపించి నాకు ఏమేం అంటగట్టారు అన్నదే నా ఫిర్యాదు.

మీ పేజీలో ఇలా ఉంది: ‘వేగంగా పెరిగే రకం. 12 నెలల్లో అరచేయంత. నూటికి నూరు శాతం ఆడ.’ మూడు వాక్యాల్లో ఒక్కటీ నిలవదు.

బ్రాకీపెల్మా హామోరి అనే ఈ జాతి మెక్సికోలో పసిఫిక్ తీరం వైపు హలిస్కో, కొలిమా, మిచోవకాన్ ప్రాంతాలది. అక్కడి ఎండు అడవుల్లో బొరియ చేసుకుని, చాలావరకు దాని ముంగిట్లోనే కూర్చుని, దారిన పోయే పురుగును పట్టుకు తింటుంది. దొరక్కపోతే నెలల తరబడి పస్తుండగలదు. అలా బతికే జీవి పెరగడమూ నింపాదిగానే పెరుగుతుంది. ఆడది ఈడుకు రావాలంటే ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మగదానికి నాలుగైదేళ్లు చాలు గానీ, ఈడొచ్చాక అది ఏడాదికి కాస్త అటూ ఇటూగా చచ్చిపోతుంది. ఆడది ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది. కాళ్లు చాపితే 13 నుంచి 15 సెంటీమీటర్లు ఉండే పెద్ద సాలీడు కూడా సెంటీమీటరు పిల్లగానే మొదలవుతుంది. అంత పిల్ల ఏడాది తిరిగేసరికి మూడు సెంటీమీటర్ల దరిదాపుకు వస్తే బాగా సాకినట్టే లెక్క. అరచేయంత కావాలంటే ఇంట్లో బడికెళ్లే పిల్లాడు కాలేజీ గుమ్మం తొక్కాలి.

మాది అల్లవరం మండలం. వనామీ రొయ్యల చెరువులు చేసుకునేవాళ్లం. పైగుల్ల విడిచిన ప్రతిసారీ ఒక మెట్టు పెరగడం, మళ్లీ విడిచేదాకా గుల్ల సైజు మారకపోవడం మాకు కొత్త కాదు. రొయ్యా అంతే, సాలీడూ అంతే. కాకపోతే మా రొయ్య నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది. ఈ సాలీడు పిల్లగా ఉన్నప్పుడు నెలకో రెండు నెలలకో ఒకసారి కుబుసం విడుస్తుంది. తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి, పెద్దదయ్యాక ఇంకా అరుదుగా. వెచ్చగా ఉంచి బాగా మేపితే ఆ ఎడం కొంత తగ్గే మాట నిజమే. కొంతే. మేత కంపెనీల వాళ్లు చెరువు గట్టు మీదికొచ్చి ‘ఈ డబ్బా కలపండి, కౌంట్ (కిలోకు తూగే రొయ్యల లెక్క) పదిహేను రోజుల ముందే వస్తుంది’ అని చెప్పే గ్రోత్ ప్రమోటర్ కబుర్లు మేము చాలానే విన్నాం. మీ పేజీ చదివినప్పుడు అదే గొంతు వినపడింది.

మీ పేజీ అడుగున ఉన్న నెలవారీ పట్టిక గురించి ఒక అనుమానం. అందులోని అంకెలు చెట్ల తొర్రల్లో ఉండే పోసిలోథీరియా అనే టరాంటులా రకాలకైతే కొంతవరకు సరిపోతాయి. అవి నిజంగానే వేగంగా పెరుగుతాయి, కొన్నింట్లో మగవి ఏడాదిన్నర లోపే ఈడుకొస్తాయి. వాటిలో నీలం రంగుది మన రాష్ట్రపుదే, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన దాన్ని బట్టి లోకానికి చెప్పాడు. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉంది. ఎక్కడో ఆ చెట్టు సాలీళ్ల కోసం వేసిన పట్టికను తెచ్చి, నేల బొరియలో కూర్చునే మెక్సికో సాలీడు కింద అతికించినట్టున్నారు. కాదంటే ఆ అంకెలు ఎవరు, ఏ పిల్లల్ని కొలిచి రాశారో చెప్పండి. ఒళ్లు కొలిచారా, కాళ్లు చాపి మూలకు మూల కొలిచారా అన్నది కూడా పట్టికలో లేదు. ఈ రెండు కొలతలకూ రెట్టింపుకు పైగా తేడా వస్తుంది.

ఇక గ్రోత్ కిట్. పిల్ల ఎదగడం లేదేమని వేసవిలో అడిగితే, ‘మీ సంరక్షణలో లోపం ఉంది’ అని చెప్పి ఈ కిట్ అంటగట్టారు. అందులో ఒక హీట్ మ్యాట్, ఒక పొడి డబ్బా, ‘ఇంపోర్టెడ్ సబ్‌స్ట్రేట్’ (సాలీడు డబ్బాలో అడుగున పరిచేది) ఇటుక ఒకటి.

హీట్ మ్యాట్ సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే మాట సరే, మా కోనసీమలో ఆ ఎండకు ఉక్కపోత కూడా తోడవుతుంది. ఆ రోజుల్లో డబ్బా అడుగున వేడి పెట్టమన్నారు. ఎండ తగిలితే ఈ సాలీడు చల్లదనం కోసం కిందికే తవ్వుకుపోతుంది. కిందే కాలుతుంటే అదెక్కడికి పోవాలి? ఆ మ్యాట్ నేను అట్టపెట్టెలోంచి బయటికి కూడా తీయలేదు.

పొడి డబ్బా మీద ‘కాల్షియం, గుల్ల బలానికి’ అని ఉంది. రొయ్యకూ పీతకూ గుల్ల గట్టిపడాలంటే ఖనిజాలు కావాలి, అందుకే మేం చెరువుకు మినరల్స్ వేస్తాం. సాలీడు పైపొర కైటిన్ అనే పదార్థంతో, ప్రొటీన్‌తో గట్టిపడుతుంది. దానికి సున్నంతో పనిలేదు. రొయ్యల చెరువులున్న ఊరికి ఆ డబ్బా పంపేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

ఇంపోర్టెడ్ ఇటుకను నీళ్లలో నానేస్తే కొబ్బరి పొట్టు. అంబాజీపేట పక్కన ఉండేవాడికి కొబ్బరి పొట్టు! మా దొడ్డివైపు గోతాల్లో పడుంది, కావాలంటే మీకే పంపుతాను.

దానికి తోడు ‘రోజూ మేపండి, వెనకభాగం గుండ్రంగా ఉబ్బాలి’ అని మీ సలహా. అలా ఉబ్బిన సాలీడు జానెడు ఎత్తు నుంచి జారిపడినా వెనకభాగం చిట్లి చచ్చిపోవచ్చు. కుబుసం దగ్గరపడితే అది ఎలాగూ తిండి మానేస్తుంది, వెనకభాగం రంగు మారి నల్లబడుతుంది. అప్పుడు వదిలిన కీచురాయిని తీయకపోతే, మెత్తబడి కదల్లేని సాలీడునే అది కొరుకుతుంది. జీవాన్ని అమ్మేవాళ్లు ముందు చెప్పాల్సింది ఇది. మీ కరపత్రంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు.

అసలు నా చేత ఈ ఉత్తరం రాయించింది చవితి రోజుల్లో జరిగిన ముచ్చట. సాలీడు వెల్లకిలా పడి ఉంటే ఫొటో తీసి, మీ చాట్‌లో పెట్టి, ‘కుబుసం విడుస్తున్నట్టుంది, కొబ్బరి పొట్టు తడి ఎంత ఉంచాలి?’ అని అడిగాను. మీ ప్రతినిధి జవాబు యథాతథంగా: ‘సారీ సర్, మీ పెట్ చనిపోయింది. లైవ్ అరైవల్ గ్యారంటీ గడువు దాటింది. దయచేసి పారేయండి. కొత్త ఆర్డర్‌పై 10 శాతం తగ్గింపు.’ కింద కూపన్ కోడ్.

టరాంటులా చచ్చిపోతే వెల్లకిలా పడదు. మామూలుగానే నిలబడ్డ తీరులో ఉండి, కాళ్లు ఒంటి కిందికి ముడుచుకుంటుంది. దాని కాళ్లు చాపేది కండరం కాదు, ఒంట్లోని ద్రవం ఒత్తిడి. ప్రాణం పోతే ఆ ఒత్తిడి తగ్గి కాళ్లు ముడుచుకుపోతాయి. వెల్లకిలా పడుకుని ఉందంటే దాదాపు ఎప్పుడూ కుబుసం విడవబోతున్నట్టే. ఇది సాలీడు పెంచేవాళ్లకు మొదటిరోజు పాఠం. మీ మాట విని ఇంకో కొనుగోలుదారు ఎవరైనా బతికున్న సాలీడును చెత్తబుట్టలో వేసి, తగ్గింపు ధరకు ఇంకోటి కొని ఉంటే? కొనలేదని మీరు చెప్పగలరా? నాది మర్నాటికల్లా పాత తొడుగు పక్కన పెట్టి, మోకాళ్లు ఎర్రగా, కూర్చుని ఉంది. మా అమ్మ దానికి చిట్టెమ్మ అని పేరు పెట్టింది, మీరు ఆడపిల్ల అన్నారు కాబట్టి.

ఆ ఆడపిల్ల సంగతి. విడిచిన కుబుసాన్ని తడిపి విప్పి, అమలాపురంలో మాకు తెలిసిన ఆక్వా ల్యాబ్ మైక్రోస్కోపు కింద పెట్టించాను. ఆడదైతే వీర్యం నిల్వచేసుకునే సంచి ఆనవాలు లోపలివైపు కనిపించాలి. ఈ సైజులో అది కనపడలేదని మగదని తేల్చడానికి లేదు, ఇంకో రెండు మూడు కుబుసాలు చూడాలి. మరి సెంటీమీటరు పిల్లను, కుబుసం చూడకుండా, మీరు నూటికి నూరు శాతం ఆడ అని ఎలా తేల్చారు? ఆడ అన్నందుకు బిల్లులో రూ. 1,500 అదనంగా వేశారు. ఇరవై ఏళ్లు బతికేదా, అయిదారేళ్లలో పోయేదా అన్నది దీని మీదే ఉంటుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

పేరు దగ్గర కూడా గందరగోళం. బిల్లులో ‘బ్రాకీపెల్మా స్మిథీ’, పేజీలో ‘హామోరి’. ఇవి రెండు వేరు వేరు జాతులు. ఏళ్ల తరబడి వ్యాపారంలో స్మిథీ అని అమ్మినవాటిలో చాలా మటుకు హామోరీయేనని 2017లో వచ్చిన పరిశోధన తేల్చింది. రెండూ అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, కాబట్టి ఇలాంటి జీవుల నమోదుపై వచ్చిన 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. నా వంతు నేను గడువులోనే నమోదు చేశాను. ఇది పెంపకంలో పుట్టిందే, అడవిలో పట్టింది కాదు అని చెప్పే కాగితం మీ నుంచి ఇంకా రావాలి. అడిగినప్పుడల్లా ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటున్నారు.

నాకు కావాల్సింది ఇది. గ్రోత్ కిట్‌కు తీసుకున్న రూ. 2,450, ‘ఆడ’ పేరుతో తీసుకున్న రూ. 1,500 తిరిగి ఇవ్వండి. మ్యాట్, డబ్బా సీలు తీయకుండా ఉన్నాయి, మీ ఖర్చుతో తీసుకుపోవచ్చు. సరైన జాతి పేరుతో సవరించిన బిల్లు, పుట్టుక కాగితం పంపండి. పేజీలో ‘12 నెలల్లో అరచేయంత’ అన్న మాట, ఆ పట్టిక తీసేసి, ఇది నిదానంగా పెరిగే జాతి అని, ఈడుకు రావడానికి ఏళ్లు పడుతుందని రాయండి. అలా రాస్తే అమ్మకాలు పడిపోతాయని మీకు భయమేమో. నిదానంగా పెరిగి చాలా ఏళ్లు తోడుంటుందనే చాలామంది ఈ సాలీడును కోరి కొంటారు. నేనూ ఆ మాటకే కొనేవాణ్ణి. సాలీడును మాత్రం వెనక్కి అడగకండి, ఇవ్వను.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నా పోయినసారి మెయిల్‌కు వచ్చింది ఇంకో కూపన్ మాత్రమే. ఈసారీ అంతే అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌లోనూ వేస్తాను. కొనుగోలుదారు ఉన్న చోటే కేసు వేసే వీలు ఆ చట్టంలో ఉంది కాబట్టి మీ నగరానికి రావాల్సిన పని నాకు లేదు.

ఫోన్ చేసేట్టయితే సాయంత్రం చెరువులకు మేత వేసే వేళ తప్పించి ఎప్పుడైనా చేయండి. జవాబు మాత్రం రాతపూర్వకంగా, మీ పేరు, హోదాతో కావాలి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
అల్లవరం మండలం, కోనసీమ